అద్దాల పెట్టె మూరెడు వెనక్కి జరిగిన రోజు

షెడ్డులో కొత్తగా చేరిన పిల్లలు మొన్న మా ఇంటికి వచ్చారు. "అవ్వా, గన్నర్ చూసే అద్దాల పెట్టె టరెట్ మీద అంత వెనక్కి ఎందుకుండాది? మొదటిసారి గీసినప్పుడే అట్ల గీసినారా?" అని అడిగారు. లేదు. మొదట గీసినప్పుడు అది ముందు, తుపాకీ గొట్టం పక్కనే ఉండేది. అక్కడినుంచి వెనక్కి వచ్చింది నా తప్పు వల్ల. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. మధ్యలో నవ్వుతోంది కూడా. నవ్వనీ, ఆ రోజు నవ్వినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

మాది కుందుర్పి పక్క పల్లె. మా ఆయన నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. ఆయన పోయాక ఉన్న చేనులో రెండేళ్లు శనక్కాయ వేశాను, రెండేళ్లూ వాన మొహం చాటేసింది. అప్పుడే పెద్ద రోడ్డు పక్కన ఈ షెడ్డు లేచింది. ఊడ్చే మనిషి కావాలన్నారు. చీపురు పట్టుకోవడానికి చదువు అడగరు కదా, పోయి నిలబడ్డాను.

అక్కడ చేసేది సైనికులు కూర్చునే ఉక్కు బండి. బండి నెత్తిన ఒక ఉక్కు గది గిర్రున తిరుగుతుంది, దాన్ని టరెట్ అంటారు. అందులోంచి తుపాకీ గొట్టం బయటికి వస్తుంది. గురిపెట్టేవాడు గన్నర్. అతను తల బయట పెట్టడు. టరెట్ పైకప్పు మీద ఒక పెట్టె, పెట్టె ముందు ఒక అద్దం ఉంటాయి. ఆ అద్దంలో పడిన బొమ్మ లోపల కూర్చున్న గన్నర్ కంటికి చేరుతుంది. పుస్తకాల్లో దానికి ఏం పేరుందో గానీ, మేమంతా అద్దాల పెట్టె అనేవాళ్లం. మా షెడ్డులో గుండు పేలదు. కోయడం, అతకడం, బిగించడం, తర్వాత బయట బీడు నేలలో బండిని పరుగెత్తించి చూడడం. అంతే.

నేను చీపురు వదిలి టరెట్ ఎక్కడానికి కారణం మా మేస్త్రీ చెయ్యి. విడపనకల్లు సాయిబు ఆయన, మనిషి తలుపంత వెడల్పు. ఒకరోజు అద్దాల పెట్టె వెనక బోల్టు బిగించబోయి మోచెయ్యి ఇరికించుకున్నాడు. ఎంత లాగినా రాలేదు. కింద ఊడుస్తున్న నన్ను చూసి అరిచాడు.

"అక్కా, ఆ గ్రీజు డబ్బా తీసుకుని పైకి రా. ఎవురికీ చెప్పొద్దు."

"చెప్పకుంటే ఎట్లప్పా, నీ కాళ్లు అందరికీ కనపడతాండాయి" అన్నాను.

గ్రీజు పూసి చెయ్యి బయటికి లాగాను. ఆ బోల్టు నేనే బిగించాను, నా చెయ్యి సందులోకి సులువుగా పోయింది. మరుసటి రోజునుంచి మేస్త్రీ నన్ను పైకి పిలవడం మొదలుపెట్టాడు. చీర మీద మా ఆయన పాత చొక్కా తొడుక్కుని ఎక్కేదాన్ని. మే నెలలో ఆ ఉక్కు గది లోపల కూర్చుంటే రొట్టె కాలినట్టు కాలిపోతాం. అయినా దిగాలనిపించేది కాదు. మొదటిసారి ఆ అద్దంలోకి కన్ను పెట్టినప్పుడు, మైలు దూరంలో గుట్ట మీద మేకలు కాసుకునే ఆయన బీడీ ముట్టించుకోవడం కనిపించింది. అగ్గిపుల్ల గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది. మూడోది అంటుకునేదాకా నేను ఊపిరి బిగబట్టి చూశాను. దిగి వచ్చి అందరికీ చెప్పాను. ఆ వారమంతా అదే చెప్పాను.

నాకు అప్పజెప్పిన పనుల్లో ముఖ్యమైనది అద్దం శుభ్రం. మేస్త్రీ నేర్పించాడు: "బండి తిరిగొచ్చి ఆగంగానే ఎక్కి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపేయల్ల. ఊది, దులిపి, అంతే. రుద్దినావంటే గీత పడతాది." బండి ఆగేది, నేను ముందునుంచి ఉడుతలా ఎక్కేదాన్ని, నాలుగు దులుపులు దులిపి దిగేదాన్ని. ఇంజనీరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చేసరికి అద్దం తళతళలాడేది. అది నా గొప్ప. దాని సంగతి మళ్లీ చెప్తాను.

ఇంజనీరమ్మ కోస్తా నుంచి వచ్చిన పిల్ల. చిన్న వయసు, పెద్ద చదువు. ఎవరినీ విసుక్కునేది కాదు, ఎవరి మాటా ఊరికే నమ్మేదీ కాదు. అద్దాల పెట్టె ముందు ఉండాలని ఆమె లెక్క. గొట్టానికి దగ్గరగా ఉంటే గురి తప్పదు, తగ్గుగా ఉంటే శత్రువుకు కనిపించదు. ఆ లెక్క తప్పని అనడానికి నేనెవరిని. కానీ అనేవాడు ఒకడుండేవాడు, పాత గన్నర్. కంబదూరు వైపు మనిషి, సైన్యంలో అదే పని చేసి వచ్చాడు. బండిని పరీక్షించేటప్పుడు లోపల కూర్చోవడానికి కంపెనీ ఆయన్ను పెట్టుకుంది. ఒక మోకాలు సరిగా వంగదు. బండి ఆగాక వెనక తలుపునుంచి ఆయన బయటపడేసరికి మనం టీ తాగి గ్లాసు కడిగి పెట్టేయొచ్చు.

ప్రతిసారీ ఆయన దిగుతూనే మొదలుపెట్టేవాడు.

"మేడం, ముందు పెడితే దుమ్ము కప్పేస్తాండాది. సగం దూరం పోయేసరికి నాకేం కనపడల్యా."

ఇంజనీరమ్మ పైకెక్కి చూసేది. అద్దం తళతళలాడేది.

"ఎక్కడండీ దుమ్ము? ఇదిగో, ఎంత శుభ్రంగా ఉందో మీరే చూడండి."

ఆయన కుంటుకుంటూ ఎక్కి చూసేవాడు. కళ్లు నులుముకునేవాడు. "లోపలినుంచి మసకగా ఉండెనే" అని గొణిగేవాడు. నాలుగైదుసార్లు ఇలా జరిగాక ఇంజనీరమ్మ మెల్లగా, "సార్, ఒకసారి కళ్లు చూపించుకోండి" అంది. ఆమె మర్యాదగానే అంది. కానీ షెడ్డు ఊరుకుంటుందా? పెయింటు కుర్రాళ్లు ఆయన ముందు చేతులు ఆడిస్తూ "ఇవి ఎన్ని వేళ్లు మామా?" అని అడిగేవాళ్లు. ఆయన అనంతపురం పోయి కళ్లు చూపించుకుని చుక్కల మందు తెచ్చుకున్నాడు. పూటపూటకీ తల వెనక్కి వంచి వేసుకునేవాడు. గన్నర్‌కు కన్ను పోయిందంటే ఇంకేముంది, ఇంటికి పంపేస్తారు.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు అర్థం కాలేదు. నా పని నేను చేస్తున్నాను, అద్దం శుభ్రంగా ఉంది, పాపం ఆ పెద్దాయనకు చూపు తగ్గింది అనుకున్నాను. ఒకసారి ఆయనకు మునగాకు తినమని కూడా చెప్పాను.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. ఆ తర్వాత మూడో రోజు పైనుంచి అధికారులు వచ్చి బండి చూస్తారని ఖాయమైంది. పూజ రోజు షెడ్డంతా కడిగాం. కొబ్బరికాయ మేస్త్రీ తెచ్చాడు, ఎప్పుడూ ఆయనే తెస్తాడు, మంచిది ఏరి తెస్తాడని. బొట్లు పెట్టే పని నాది. మా వైపు విత్తనాలు వేసేముందు గొర్రుకు పూజ చేస్తాం. మా గాలి సంగతి మీకు తెలుసు కదా, వట్టి కుంకుమ పెడితే నిమిషం నిలవదు. అందుకని ఆముదంలో కలిపి పెడతాం. ఇక్కడా అలాగే చేశాను. టరెట్ పైకప్పు మీద ముందునుంచి వెనకదాకా రెండు అంచుల వెంబడీ వరుసగా బొట్లు పెట్టాను. చక్రాలకు పెట్టాను, గొట్టానికి పెట్టాను. చివరికి అద్దం ముందు ఆగాను. అన్నిటికీ పెట్టి బండి కంటికి పెట్టకపోతే ఎలా అనిపించింది. నడిమధ్యన ఇంత బొట్టు పెట్టాను, ఆముదంతో.

పూజయ్యాక నిమ్మకాయలు తొక్కించి బండిని బీడులో ఒక చుట్టు తిప్పారు. తిరిగి వచ్చింది. నేను అలవాటుగా ఎక్కాను. అద్దం మీద నా బొట్టు కరిగి పారి ఎర్రమట్టి ముద్దయి ఉంది. బ్రష్షుతో దులిపితే ఇంకా పులుముకుంది. ఇంజనీరమ్మ సెలవులో ఉంది, ఎవరూ చూడలేదు, తొందరగా తీసేస్తే సరిపోతుందనుకున్నాను. చీర కొంగు తీసుకుని రుద్దాను. గట్టిగా రుద్దాను. మట్టి పోయింది. మట్టి పోయిన చోట సన్నటి గీతలు, కొడవలితో గీకినట్టు, అడ్డంగా తేలాయి.

మేస్త్రీ ఎక్కి చూశాడు. 

"ఏం చేసినావక్కా ఇది."

"రుద్దినా."

"రుద్దొద్దని చెప్పింటి కదా."

"చెప్పినావు."

"ఇట్లాంటి అద్దం ఇంకోటి రావల్లంటే నెలలు పడతాది" అన్నాడు. మళ్లీ తనే, "రాయి ఎగిరి తగిలిందని చెప్తాం. బీడు నేల, రాళ్లు ఎగరవా ఏంది. నువ్వు సుమ్మనుండు, నోరు తెరవొద్దు" అన్నాడు. టార్పాలిన్ పట్ట తెచ్చి టరెట్ మొత్తం కప్పేశాడు. రెండు రోజులు సెలవు. ఆ రెండు రోజులు నేను వండిన అన్నంలో ఉప్పు ఉందో లేదో నాకు తెలియదు. మళ్లీ చీపురే గతి అనుకున్నాను. చీపురైనా ఇస్తారో లేదో అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే అందరం చేరాం. పట్ట తీశారు. ఇంజనీరమ్మ నేరుగా అద్దం దగ్గరికి పోయింది. గీతలు చూసి ఆగిపోయింది.

"ఏమైంది దీనికి?"

"రాయి మేడం" అన్నాడు మేస్త్రీ, ఆకాశం వైపు చూస్తూ.

ఆమె ఒప్పుకుంది. గంటలో అధికారులు వస్తారు, అడిగే టైము లేదు. పాత గన్నర్ తన టోపీ సర్దుకుని వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంజనీరమ్మ ఆయన దగ్గరికి పోయి, గొంతు తగ్గించి చెప్పింది. అయినా నాకు వినిపించింది.

"సార్, ఈ రోజు మీరు కూర్చోవద్దు. అద్దం ఇలా ఉంది, మీ కళ్లు అలా ఉన్నాయి. అధికారుల ముందు మీరు నాకేం కనిపించలేదని అంటే మొత్తం పోతుంది. మన డ్రైవర్ వాళ్ల తమ్ముడు మీ చోట కూర్చుంటాడు. తర్వాతి సంగతి ఆఫీసులో మాట్లాడతారు."

ఆయన టోపీ తీసి, ఖాళీ పెయింటు డ్రమ్ము మీద కూర్చున్నాడు. జేబులోంచి చుక్కల సీసా తీసి తల వెనక్కి వంచాడు. చుక్క కంట్లో పడలేదు, చెంప మీద పడింది.

అప్పుడు నా బుర్రలో వెలిగింది. పూజ రోజు అద్దం మీద అంత మట్టి ఎక్కడినుంచి వచ్చింది? నూనె ఉంది కాబట్టి అంటుకుంది, సరే. కానీ దుమ్ము వచ్చి పడితేనే కదా అంటుకునేది. రోజూ పడుతోంది. రోజూ నేనే దులిపేస్తున్నాను. ఈయన లోపలినుంచి చూసింది నిజం. ఈయన ఎక్కి వచ్చేలోపల ఆ నిజాన్ని నేనే బ్రష్షుతో ఎగరగొట్టేస్తున్నాను.

"మేడం" అన్నాను. "రాయి కాదు. నేను రుద్దినా."

మేస్త్రీ తల పట్టుకున్నాడు. ఇంజనీరమ్మ తిరిగి చూసింది.

"ఎందుకు రుద్దారు?"

"బొట్టు పెట్టింటి. ఆముదం బొట్టు. దాని మీద దుమ్ము పడి మట్టయింది."

"దుమ్మా? ఆ చోట దుమ్ము పడదు కదమ్మా. నేను ప్రతిసారీ చూస్తున్నా."

"పడతాది మేడం. ప్రతిసారీ పడతాది. మీరు ఎక్కేలోపల నేను దులిపేస్తాండా."

షెడ్డులో గ్రైండరు ఆగింది. డ్రమ్ము మీద కూర్చున్న పెద్దాయన లేచాడు.

"ఎప్పటినుంచి మే?"

"మొదటి రోజునుంచి, అన్నా."

"మొదటి రోజునుంచి" అన్నాడు ఆయన. "నేను కండ్లల్లో మందు పోసుకుంటాండా. మునగాకు తింటాండా. ఆ మునగాకు కూడా నువ్వే చెప్తివి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజనీరమ్మ నవ్వలేదు. "దుమ్ము పడుతుందని మీరు చెప్తున్నారు. నేను చూడాలి కదా, ఎలా చూడాలి?" అంది. నా మీద కోపమో, తన మీద కోపమో తెలియలేదు. నేను మాటలు వెతుక్కోలేదు. టరెట్ మీది బొట్లు చూపించాను. పట్ట కప్పి ఉంది కాబట్టి పూజనాటి బొట్లు అలాగే ఉన్నాయి. పైకప్పు మీద వట్టి దుమ్మును గాలి ఎప్పుడో ఎత్తుకుపోయింది. ఆముదంలో పడింది మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆమె పైకెక్కి వంగి చూసింది. గొట్టం పక్కన ఉన్న బొట్లు చింతపండు ఉండల్లా మట్టి పట్టి ఉన్నాయి. వెనక్కి పోయే కొద్దీ పలచబడ్డాయి. పైకప్పు మధ్యలో చిన్న దిబ్బలాంటి ఎత్తు ఉంది. దాని వెనక ఉన్న బొట్లు అప్పుడే పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. ముందు చక్రాలు లేపిన దుమ్ము బండి ఏటవాలు ముక్కు మీదుగా ఎక్కి వచ్చి, దిబ్బ ముందు దబ్బున పడుతోంది. దిబ్బ దాటి పోవడం లేదు.

ఆమె ఆ వరుస వెంబడి వేలు పెట్టకుండా, గాలిలోనే చూపిస్తూ, ముందునుంచి వెనకదాకా నడిచింది. మళ్లీ వెనకనుంచి ముందుకు వచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, ఆముదం ఇంకా ఉందా?" అంది.

ఇక చూడాలి మా పరుగులు. మేస్త్రీ ఆఫీసు దేవుడి పటం ముందున్న కుంకుమ పళ్లెం ఎత్తుకొచ్చాడు. కుంకుమ చాలక పసుపు కలిపాను. ఇంజనీరమ్మ సుద్దముక్కతో పైకప్పంతా గళ్లు గీసింది, నేను గడికొక బొట్టు పెట్టుకుంటూ పోయాను. పెళ్లింట్లో పని చేస్తున్నట్టుంది నాకు. సగం పెట్టేసరికి అధికారుల జీపులు వచ్చేశాయి.

అధికారుల్లో ఒకాయన, మీసాలు నెరిసినాయన, పైకి చూసి ఏం జరుగుతోందని హిందీలో అడిగాడు. "యే క్యా హో రహా హై?"

"టెస్టింగ్, సాబ్" అన్నాడు మేస్త్రీ.

"కుంకుమ్ సే?"

"లోకల్ తరీకా, సాబ్" అన్నాడు, మా వైపు పద్ధతి ఇదేనని.

ఇంజనీరమ్మ ముందుకు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది. దాచలేదు. అద్దం మీద గీతలు ఎందుకు పడ్డాయో, ఇన్నాళ్లూ తనకు దుమ్ము ఎందుకు కనిపించలేదో, అంతా చెప్పింది. చెప్పి, "ఇప్పుడే మీ ముందు చూద్దాం సార్" అంది. ఆ తర్వాత, అప్పటికే లోపల కూర్చున్న డ్రైవర్ వాళ్ల తమ్ముణ్ణి దిగమని సైగ చేసి, పాత గన్నర్ వైపు చూసింది. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుని ఉన్నాడు.

బండి బీడులోకి దూకింది. వాకీటాకీలో ఆయన గొంతు.

"గుట్ట కనపడతాండాది. గీతలుండాయి, అయినా కనపడతాండాది. కరెంటు స్తంభం కనపడతాండాది... ఇప్పుడు కొంచెం మసక... స్తంభం పోయె... గుట్ట పోయె. మేడం, నాకు ఇప్పుడు ఎర్రగా తప్ప ఏం లేదు."

బండి తిరిగి వచ్చి ఆగింది. ఆగగానే నా కాళ్లు వాటంతట అవే కదిలాయి. చేతిలో బ్రష్షు కూడా ఉంది. మేస్త్రీ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "నీకు దండం పెడతా అక్కా, ఈ ఒక్కసారికి ఆగు" అన్నాడు.

ఈసారి అందరూ ఎక్కారు. అద్దం ఇటుకలా ఉంది. ముందు గళ్లల్లో బొట్లు కనపడలేదు, మట్టి కుప్పలే. దిబ్బ వెనక గళ్లల్లో నా పసుపు పసుపులానే ఉంది. నెరిసిన మీసాలాయన సెల్లు తీసి ఫొటో మీద ఫొటో తీసుకున్నాడు. పాత గన్నర్ కుంటుకుంటూ అందరికంటే చివర ఎక్కాడు. ఆ అద్దం మీద దుమ్మును బయటినుంచి చూడడం ఆయనకు అదే మొదటిసారి. వంగి చూశాడు, వేలితో గీసి చూశాడు. జేబులోంచి చుక్కల సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇంద. ఇది నువ్వేసుకో."

అధికారులతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను, అది వేరే.

అద్దాల పెట్టెను దిబ్బ వెనక్కి జరపాలని ఆ మధ్యాహ్నమే తేలింది. మూరెడు వెనక్కి. వెనక్కి పోతే టరెట్ ముందంచు అడ్డమొచ్చి దగ్గరి నేల కనిపించదని ఇంజనీరమ్మ పట్టుబట్టింది, అదీ నిజమే. అందుకని జానెడు పైకి. ఎత్తు పెరిగితే శత్రువు కంట పడుతుందని మళ్లీ ఆమే అంది. "పడనీ మేడం, ముందు వాడు నాకు కనపడల్ల గదా" అన్నాడు పాత గన్నర్. ఆయన్ను ఆఫీసులో మాట్లాడటానికి మాత్రం ఎవరూ పిలవలేదు.

నన్ను పిలిచారు. ఇంజనీరమ్మ ఒక కాగితం నా ముందు పెట్టింది. అద్దం పాడుచేసినందుకు హెచ్చరిక అట. చదివి వినిపించింది, ఒక్క మాట తగ్గించలేదు. నేను వేలిముద్ర వేయను, సంతకమే చేస్తానన్నాను; నా సంతకానికి ఎంతసేపు పడుతుందో ఆమె ఓపిగ్గా కూర్చుని చూసింది.

"నన్ను దించేస్తారా మేడం?" అన్నాను.

"దేని మీదనుంచి?"

"టరెట్ మీదనుంచి."

ఆమె కాగితం ఫైలులో పెట్టుకుంది. "రేపు ఎనిమిదికి రండి. పెట్టె విప్పాలి. పాత చోట కంత మిగులుతుంది కదా, దానికి మూత బిగించాలి" అంది.

ఏడింటికే పోయాను. ఆ మూత మొత్తం నేనే బిగించాను, ఒక్కో బోల్టు రెండుసార్లు. ఆ మొదటి బండి ఇప్పటికీ షెడ్డు వెనక నిలబడి ఉంది. దాన్ని నేర్చుకునేవాళ్లకు చూపిస్తుంటారు. మీరు ఎక్కినప్పుడు గొట్టం పక్కన చూడండి, పెయింటు కింద గుండ్రంగా ఆ మూత తగులుతుంది. దాని మీద చెయ్యి పెట్టి చూడండి, ఫర్వాలేదు. అద్దం మీద మాత్రం పెట్టకండి. దుమ్ము పడితే దులిపేముందు ఒక్క నిమిషం ఆగి, లోపల కూర్చున్న మనిషిని పైకి పిలవండి.